పవర్ ఫిల్టర్ కొనే ముందు చేయవలసిన పనులు

మంచి ఆంప్లిఫయర్, మంచి స్పీకర్లు అమర్చుకున్నవారికి కొన్నాళ్లకు ఒక ప్రశ్న పుడుతుంది. గోడ సాకెట్టు నుంచి వచ్చే కరెంటును ఫిల్టర్ చేస్తే పాట ఇంకా బాగా వినిపిస్తుందా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఈ అనుమానం రావడంలో తప్పు లేదు. తీరం పొడవునా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. మెట్ట పల్లెల్లో బోరు మోటార్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ కోసే యంత్రాలు, నెల్లూరు చుట్టూ రైసు మిల్లులు సరేసరి. వీటన్నిటి మధ్య నుంచి వచ్చే కరెంటు శుభ్రంగా ఉంటుందని ఎలా నమ్మడం?

నా జవాబు ముందే చెబుతాను. మీ స్పీకర్లలో చెవికి అందే రొద ఉండి, అది కరెంటు తీగ గుండానే వస్తోందని తేలితే ఫిల్టర్ పనికొస్తుంది. రొదే లేని చోట ఫిల్టర్ పెట్టినందువల్ల గొంతుకు కొత్త తీపి రాదు, మృదంగానికి కొత్త బరువు రాదు. ఎర్త్ సరిగా లేని ఇంట్లో అయితే ఫిల్టర్ ఉన్న రొదను పెంచుతుంది కూడా. మన ఇళ్లలో చాలావాటికి ఎర్త్ సరిగా లేదు. అందుకే ఈ పనులు నేను చెప్పే వరుసలోనే చేయండి. ఫిల్టర్ వంతు దాదాపు చివర్లో వస్తుంది.

1. ముందు పాట లేకుండా వినండి

రాత్రి పది దాటాక, వీధి సద్దుమణిగాక, ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి. ఆంప్లిఫయర్ వేసి, పాట పెట్టకుండా, వాల్యూమ్ మాత్రం మీరు రోజూ వినే చోట ఉంచండి. స్పీకర్ దగ్గర కూర్చుని చెవిని ట్వీటర్‌కు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్), తర్వాత వూఫర్‌కు (లావు స్వరాలు పలికే పెద్ద స్పీకర్) ఆనించినంత దగ్గరగా పెట్టండి.

‘స్‌స్’ అని సన్నగా వినిపిస్తే అది ఆంప్లిఫయర్ లోపలి సర్క్యూట్ సొంత చప్పుడు. ఏ ఫిల్టరూ దాన్ని తాకలేదు. వూఫర్‌లో లావుగా, మెత్తగా ‘ఊఁ’ అని సాగుతుంటే అది 50 హెర్ట్జ్ హమ్. మన కరెంటు ఫ్రీక్వెన్సీ అదే. చాలాసార్లు ఇది ఎర్త్ దారులు ఒక చుట్టుగా కలవడం వల్ల వస్తుంది, దాని సంగతి నాలుగో మెట్టులో చెబుతాను. కాస్త గరుకుగా ‘జుయ్’మని వినిపిస్తే అది 100 హెర్ట్జ్, దాని గుణిజాలు. పాత ఆంప్లిఫయర్లలో కరెంటును నిలవ చేసే లోపలి పెద్ద కెపాసిటర్లు ఎండిపోతే ఇలాంటి చప్పుడే వస్తుంది, దాన్ని మెకానిక్ దగ్గరే బాగు చేయించాలి. ఈ కెపాసిటర్ల చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మన మే నెల ఎండల్లో ఆంప్లిఫయర్‌ను తలుపులున్న షోకేసులో పెట్టి మూసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇక ఉండి ఉండి ‘టప్’మంటే ఫ్రిజ్ మోటారు గానీ, ఎవరో వేసిన స్విచ్ గానీ అయి ఉంటుంది.

యాభయ్యో, వందో తేల్చుకోలేకపోతే ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకుని స్పీకర్ ముందు పెట్టండి. ఏ అంకె దగ్గర గీత పైకి లేస్తోందో కనిపిస్తుంది.

చప్పుడు స్పీకర్లలోంచి కాకుండా ఆంప్లిఫయర్ పెట్టెలోంచే వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనడం. ఇంటికి వచ్చే ఏసీ (అటూ ఇటూ మారే) కరెంటులో కొద్దిగా డీసీ (ఒకే వైపు పారే కరెంటు) కలిసినా, వోల్టేజీ మరీ ఎక్కువైనా ఇలా జరుగుతుంది, ముఖ్యంగా గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లలో. మామూలు ఫిల్టర్ దీన్ని ఆపదు. డీసీ బ్లాకర్ అనే వేరే పరికరం కావాలి.

ఇప్పుడు లేచి, మీరు రోజూ పాట వినే కుర్చీలో కూర్చోండి. అక్కడికి ఏ రొదా అందకపోతే మీ కరెంటు మీ పాటను చెడగొట్టడం లేదనే చెప్పవచ్చు. ఎర్త్ ఒక్కటి మాత్రం చూసుకోండి, అది ప్రాణానికి సంబంధించిన సంగతి.

ఈ పరీక్ష కచేరీ రికార్డింగ్ పెట్టి చేయవద్దు. తంబూరా నాదం హమ్‌ను పూర్తిగా కప్పేస్తుంది. నెల్లూరుకు చెందిన బాలసుబ్రహ్మణ్యం పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు ఆగి, ఆయన ఊపిరి తీసుకునే చోట్లు ఉంటాయి. పాటతోనే పరీక్షించాలనుకుంటే అలాంటి చోట చెవి పెట్టండి.

2. ఎర్త్ సంగతి తేల్చండి

ఈ మెట్టు దాటవేసి నేరుగా ఫిల్టర్ కొనేవారే ఎక్కువ. అందుకే దీని గురించి కొంచెం విడమరచి చెబుతాను.

ఫిల్టర్ పెట్టె విప్పితే అందులో ఫేజు నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి చిన్న కెపాసిటర్లు కనిపిస్తాయి. వాటిని వై కెపాసిటర్లు అంటారు. లైనులో వచ్చే చెత్తను భూమిలోకి దించడమే వాటి పని. భూమిలోకి దారి ఉంటేనే అవి ఆ పని చేయగలవు. ఎర్త్ తీగ తెగిపోయినా, అసలు లేకపోయినా ఆ రెండు కెపాసిటర్లు వోల్టేజీని చెరిసగం పంచుకుంటాయి. అప్పుడు 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు మీ ఆంప్లిఫయర్ ఇనుప పెట్టె మీదికి వచ్చి నిలబడతాయి. కరెంటు స్వల్పమే. 4.7 నానోఫారడ్ కెపాసిటర్ గుండా 230 వోల్టుల దగ్గర పోయేది సుమారు 0.34 మిల్లీయాంపు. తడి చేత్తో పెట్టెను తాకితే జిల్లుమనే చురుకు అదే. ఒకే బోర్డుకు నాలుగైదు పరికరాలు తగిలిస్తే అంతా కలిసి పెరుగుతుంది. ఆ కరెంటుకు భూమిలోకి దారి దొరక్క, ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి వెళ్లే ఆడియో వైరు కవచం గుండా పారుతుంది. స్పీకర్లలో హమ్‌గా బయటపడేది అదే. పైగా ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మరీ స్పష్టంగా వినిపిస్తుంది.

ఇప్పుడు మల్టీమీటర్ తీసి, ఏసీ వోల్టేజీలో పెట్టి, సాకెట్టులో మూడు కొలతలు చూడండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూగా ఉండాలి. ఫేజు, ఎర్త్ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. అక్కడ ఐదో, పదో, ఇరవయ్యో కనిపిస్తే ఎర్త్ గానీ న్యూట్రల్ గానీ బలహీనంగా ఉంది.

ఇంట్లో గీజరో, ఇస్త్రీ పెట్టో నడుస్తున్నా ఆ కొలత కచ్చితంగా సున్నా దగ్గరే ఉంటే సంతోషించకండి. ఎవరో సాకెట్టు వెనుక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేసి ఉండవచ్చు. ఎర్త్ గుంత తవ్వించే ఖర్చు తప్పించుకోవడానికి కొన్నిచోట్ల చేసే పని ఇది. అలాంటి ఇంట్లో ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే ఆంప్లిఫయర్ పెట్టె మీద, ఫ్రిజ్ తలుపు మీద పూర్తి 230 వోల్టులు నిలుస్తాయి. ఆ సాకెట్టు విప్పించి చూడండి, ఆలస్యం చేయకండి.

మల్టీమీటర్ చాలా తక్కువ కరెంటుతో కొలుస్తుంది కాబట్టి, కొన ఊపిరితో ఉన్న ఎర్త్ కూడా దానికి బాగున్నట్టే కనిపిస్తుంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూసే టెస్ట్ ల్యాంప్ పద్ధతి కాస్త నయం గానీ, ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే లైను ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అది వెంటనే ట్రిప్ అవుతుంది. పైగా ఎర్త్ 50 ఓమ్‌లున్నా బల్బు వెలుగులో పెద్ద తేడా తెలియదు. ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంత దగ్గరే కొలిపించండి. ఇళ్లకు 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిదనుకోవచ్చు.

మన ప్రాంతంలో ఎర్త్ చెడిపోయే తీరు రెండు రకాలు. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో నేల తేమగా, ఉప్పగా ఉంటుంది కాబట్టి కరెంటు బాగానే దిగుతుంది. కానీ అదే ఉప్పు పైపునూ, పైపుకు తీగ బిగించిన బోల్టునూ తినేస్తుంది. పైన చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, బోల్టు పట్టుకుని లాగితే ఊడి చేతికి వస్తుంది. మార్కాపురం, కనిగిరి వైపు ఆ బెడద తక్కువ. అక్కడ రాతి నేల, వాన తక్కువ. ఎండాకాలంలో గుంత ఎండిపోయి ఎర్త్ నిరోధం బాగా పెరుగుతుంది. ఇలాంటి చోట పైపు కనీసం 2.5 మీటర్లు దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయాలి, మార్చి నుంచి వానలు పడేవరకు గుంతలో క్రమం తప్పకుండా నీళ్లు పోయాలి. తీరం వారు ఏడాదికొకసారి ఆ బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి.

హమ్ పోవడానికి ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. హమ్ నిజంగానే పోవచ్చు. కానీ లోపల తీగ ఊడి పెట్టెకు తగిలిన రోజున మీ ప్రాణాలకు అడ్డుపడేది ఆ పిన్నే.

3. రొద పుట్టే చోటు పట్టుకోండి

బయటి మోటార్లను మనం ఆపలేం. అయితే చాలాసార్లు రొద మన ఇంట్లోనే పుడుతుంది. పట్టుకునే పద్ధతి తేలిక. స్పీకర్లలో రొద వినిపిస్తుండగా మెయిన్ బోర్డు దగ్గర ఒక్కో ఎంసీబీనే (ఒక్కో లైనును ఆపే ట్రిప్ స్విచ్) ఆపుతూ పొండి. ఏది ఆపితే రొద తగ్గిందో ఆ గదిలో ఉంది దొంగ. తర్వాత ఆ గదిలో ఒక్కొక్క స్విచ్చే ఆపండి.

ఇంకో సాధనం చిన్న ట్రాన్సిస్టర్ రేడియో. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, పట్టుకుని ఇల్లంతా తిరగండి. రొద పుట్టించే వస్తువు దగ్గరికి రాగానే రేడియో గరగరలాడుతుంది. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద మీ ఇంటి బయట శుభ్రంగా వినిపించి, హాల్లోకి రాగానే మునిగిపోతుంటే ఇంకేం చెప్పనక్కర్లేదు.

మన ఇళ్లలో మొదట అనుమానించవలసింది ఫ్యాన్ రెగ్యులేటర్. గుండ్రంగా తిప్పితే వేగం మెల్లగా మారే చవక రకాల్లో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. అది కరెంటు తరంగాన్ని సెకనుకు 100 సార్లు నరుకుతుంది. ఆ నరుకుడు ఆంప్లిఫయర్‌లో ‘జుయ్’మని వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు అని మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ పెట్టించండి, ఆ రొద పోతుంది. కొన్ని వందల రూపాయల పని. వేల రూపాయల ఫిల్టర్ చేయలేనిది ఇది చేస్తుంది, ఎందుకంటే రొద పుట్టిన చోటే ఆగిపోతుంది.

చవక ఎల్‌ఈడీ బల్బులు, పేరు లేని ఫోన్ చార్జర్లు రెండో వరుస. వాటిలో ఖర్చు తగ్గించడానికి లోపలి ఫిల్టర్ భాగాలు వదిలేస్తారు. వాటినీ ఒక్కొక్కటే తీసి చూడండి. సోలార్ ఇన్వర్టర్ కూడా రొద పుట్టించవచ్చు, అది నడిచేది పగలే కాబట్టి ఇంటి మీద సోలార్ ఉన్నవారు పగలు ఒకసారి, రాత్రి ఒకసారి విని పోల్చుకోవాలి.

ఇన్వర్టర్ సంగతి వేరుగా చెప్పాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే ఆంప్లిఫయర్ గుయ్యిమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. దాని తరంగంలో 50 హెర్ట్జ్‌తో పాటు 150 హెర్ట్జ్ మూడో వంతు బలంతో కలిసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లకు అది పడదు, వేడెక్కుతాయి. ఆంప్లిఫయర్‌ను ఇన్వర్టర్ లైను నుంచి తప్పించండి, లేదా ఈసారి మార్చేటప్పుడు సైన్ వేవ్ రకం తీసుకోండి.

తీరంలో ఉన్నవారు సాకెట్టుల లోపలి ఇత్తడి రేకులు కూడా చూడాలి. ఉప్పుగాలికి అవి పచ్చబడి వదులవుతాయి. ప్లగ్గు కదిపితే చిటపటమంటే సాకెట్టు మార్చేయడమే, వేరే వైద్యం లేదు.

4. సిగ్నల్ తీగలను ఒక్కొక్కటే ఊడదీయండి

నెల్లూరు మూలాపేటలో ఒక మిత్రుడి ఇంట్లో ఆంప్లిఫయర్ విపరీతంగా ‘ఊఁ’ అంటుంటే ఫిల్టర్ కొనడానికి సిద్ధపడ్డాడు. ముందు ఆంప్లిఫయర్ వెనుక ఉన్న తీగలన్నీ తీసేయమన్నాను. హమ్ పోయింది. అంటే కరెంటు తీగలో తప్పు లేదు. ఒక్కో తీగే తిరిగి పెట్టాం. టీవీ నుంచి వచ్చే ఆడియో వైరు పెట్టగానే హమ్ తిరిగి వచ్చింది. అప్పుడు ఆ వైరును అలాగే ఉంచి, సెట్ టాప్ బాక్స్ వెనుక కేబుల్ కనెక్షన్ మరను వేళ్లతో విప్పాను. మర చివరి చుట్టు వదిలిన క్షణంలో హమ్ ఆగిపోయింది. మళ్లీ ఆనిస్తే మళ్లీ మొదలు. ఆ కేబుల్ పై కవచం వీధిలో ఎక్కడో ఒక చోట భూమికి కలుస్తోంది, ఆంప్లిఫయర్ ఇంట్లోని ఎర్త్‌కు కలుస్తోంది. రెండు భూములకూ మధ్య ఉన్న కొద్ది వోల్టేజీ తేడా ఆడియో వైరు గుండా తిరుగుతోంది. ఎర్త్ లూప్ అంటే ఇదే.

మీరూ ఈ వరుసలోనే చేయండి. ప్రతిసారీ తీగ తీసే ముందు ఆంప్లిఫయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. దోషం కేబుల్ టీవీ దగ్గర తేలితే రెండు దారులు. టీవీకీ ఆంప్లిఫయర్‌కూ ఆప్టికల్ సాకెట్టు ఉంటే ఆ వైరు వాడండి. అందులో పోయేది వెలుతురు, కరెంటు కాదు, కాబట్టి లూప్ తెగిపోతుంది. లేకపోతే కేబుల్ లైనులో పెట్టే గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ను పోనిచ్చి, కవచం దారిని తెంపేది) తెప్పించుకోండి. గాజు తీగతో వచ్చే ఫైబర్ నెట్ వల్ల ఈ బెడద రాదు.

లాప్‌టాప్ నుంచి పాట వింటూ రొద వస్తుంటే చార్జర్ తీసి, బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద పోతే తప్పు చార్జర్‌ది. అలాగే పాట వినే పరికరాలన్నిటినీ ఒకే గోడ సాకెట్టు నుంచి, ఒకే బోర్డు ద్వారా నడపండి. ఆంప్లిఫయర్ ఈ గోడకూ, ప్లేయర్ ఆ గోడకూ తగిలిస్తే లూప్‌ను మనమే తయారు చేసినట్టు.

5. ఇప్పటికీ రొద మిగిలితే ఫిల్టర్

ఫిల్టర్ ఏం చేయగలదో ముందు తెలుసుకోండి. సాధారణ ఈఎంఐ (విద్యుదయస్కాంత రొదను ఆపే) ఫిల్టర్లను 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు ఉండే రేడియో రొద కోసం తయారు చేస్తారు. మనిషి చెవికి వినిపించేది 20 కిలోహెర్ట్జ్ వరకే. 50 హెర్ట్జ్ హమ్‌ను ఫిల్టర్ తీసేయాలంటే అసలు కరెంటునే ఆపాలి. కాబట్టి హమ్ కోసం ఫిల్టర్ కొనడం వృథా. రేడియో రొద ఆంప్లిఫయర్ లోపలికి దూరి, అక్కడ వినిపించే గరగరగా మారుతున్నప్పుడు ఫిల్టర్ నిజంగా మేలు చేస్తుంది. స్విచ్ వేస్తే టప్పుమనడం, పక్కింటి మోటారు వేస్తే చిటపటమనడం ఈ కోవలోవి.

ఇంకో సంగతి. ఆంప్లిఫయర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్లు, చాలావాటిలో రెగ్యులేటర్లు కూడా ముందే ఉన్నాయి. మంచి ఆంప్లిఫయర్ తయారు చేసినవారు గోడ కరెంటు ఎలా ఉంటుందో తెలిసే చేశారు. మీ పరికరం చవక రకమైతేనే బయటి ఫిల్టర్‌కు ఎక్కువ పని.

కొనేటప్పుడు లోపల ఏముందో అడగండి. వేరిస్టర్ (హఠాత్తుగా ఎగసే వోల్టేజీని మింగే భాగం) ఒక్కటే ఉంటే అది స్పైక్ గార్డ్. పిడుగులు, వోల్టేజీ దెబ్బల నుంచి కొంత కాపాడుతుంది గానీ రొదను వడకట్టదు. ఫిల్టర్ అని చెప్పుకునేదానిలో కామన్ మోడ్ చోక్ (రెండు తీగల్లోని రొదను అడ్డే చుట్ట), ఎక్స్ కెపాసిటర్ (ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఉండేది), వై కెపాసిటర్లు ఉండాలి. ఎన్ని యాంపులకు తయారైందో పెట్టె మీద రాసి ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గు లేని ఫిల్టర్‌ను ముట్టుకోకండి.

పెట్టిన తర్వాత ప్లేయర్, డీఏసీ (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చేది), ప్రీ ఆంప్లిఫయర్ వంటి చిన్న పరికరాలను ఫిల్టర్ ద్వారా నడపండి. పెద్ద పవర్ ఆంప్లిఫయర్‌ను ఫిల్టర్ లేకుండా అదే బోర్డుకు నేరుగా పెట్టండి. దాని కెపాసిటర్లు తరంగం శిఖరం దగ్గర ఒక్కసారిగా కరెంటు లాక్కుంటాయి. సరిపడా యాంపులు లేని ఫిల్టర్ ఆ గుక్కకు అడ్డుపడుతుంది.

స్టెబిలైజర్‌ను ఫిల్టర్ అనుకోకండి. వోల్టేజీ పది శాతం తగ్గితే ఆంప్లిఫయర్ ఇవ్వగల గరిష్ఠ శక్తి సుమారు 19 శాతం తగ్గుతుంది. చెవికి అది ఒక డెసిబెల్ కన్నా తక్కువ తేడా. మోటార్లకు త్రీఫేజు ఇచ్చే వేళల్లో 180కి పడిపోయే పల్లెల్లో స్టెబిలైజర్ తప్పనిసరి. అది పరికరం క్షేమం కోసం, పాట కోసం కాదు.

6. కళ్లు మూసుకుని తేల్చుకోండి

డబ్బు పెట్టి కొన్న వస్తువు బాగా పనిచేస్తున్నట్టు అనిపించడం ఎవరికైనా సహజం. అందుకే ఇంకొకరి సాయం తీసుకోండి. కొన్న దుకాణంలో పది రోజుల్లోపు తిరిగి తీసుకునే మాట ముందే తీసుకోండి.

మీకు బాగా తెలిసిన పాటలో ఒక నిమిషం ముక్క ఎంచుకోండి. వాల్యూమ్ ఇక కదపకండి. మీరు పరికరాలు కనిపించని చోట కూర్చోండి. సాయం చేసేవారు ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఫిల్టర్ ద్వారా, బొరుసు పడితే మామూలు బోర్డు ద్వారా కరెంటు ఇవ్వాలి. మార్చనవసరం లేని సారి కూడా ప్లగ్గు తీసి తిరిగి పెట్టాలి, లేకపోతే చప్పుడును బట్టి మీరు కనిపెట్టేస్తారు. మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోకూడదు. ఇలా పదిసార్లు విని, ఏది ఫిల్టరో కాగితం మీద రాయండి. ఊరికే ఊహించి చెప్పినా ఐదు ఒప్పు కావడం మామూలే. తొమ్మిది గానీ పది గానీ ఒప్పు కావడం ఊహతో వందలో ఒకసారి మాత్రమే జరుగుతుంది. మీకు తొమ్మిది వస్తే ఫిల్టర్ ఉంచుకోండి, మీ ఇంట్లో అది నిజంగా పనిచేస్తోంది.

ఐదో ఆరో వస్తే తిరిగి ఇచ్చేసి, ఆ డబ్బుతో గదిని చూడండి. గ్రానైట్ పలకల నేల, నున్నటి గోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొడితే మోగుతుంది కదా, పాట కూడా అలాగే మోగి మసకబారుతుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందమైన తివాచీ, వెనుక గోడకు బరువైన పరదా వేస్తే వచ్చే తేడా తెలుసుకోవడానికి నాణెం ఎగరేయాల్సిన పని ఉండదు.

7. అక్టోబర్ రాకముందే

ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు మన తీరాన్ని తాకేది అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయండి. కేబుల్ టీవీ తీగ, రాగి ఇంటర్నెట్ తీగ కూడా విప్పండి, పిడుగు శక్తి వాటి గుండా కూడా వస్తుంది. స్పైక్ గార్డ్‌లో వేరిస్టర్ దెబ్బ తిన్నకొద్దీ అరిగిపోతుంది. దాని మీద రక్షణ ఉందని చూపించే చిన్న దీపం ఉంటే సీజన్ మొదట్లో ఒకసారి చూడండి. ఆ దీపం వెలగకపోతే సాకెట్టులో కరెంటు వస్తున్నా లోపల రక్షణ లేనట్టే, కొత్తది తెచ్చుకోండి.